60 లీటర్ల గప్పీ ట్యాంకును రీఫ్ ట్యాంకుగా (పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకుగా) మార్చడం: షాపువాళ్ల మాట నమ్మొచ్చా?

గప్పీల_బావ
నిజాంపేటలో ఉంటాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు ట్యాంకు. గప్పీలు, నియాన్ టెట్రాలు, ఒక సక్కర్ చేప, కింద సాయిల్, మొక్కలు, బయట క్యానిస్టర్ ఫిల్టర్. అంతా బాగానే నడుస్తోంది. మా పాపకి క్లౌన్ ఫిష్ పిచ్చి పట్టింది, ఆ పిచ్చి నాకూ అంటుకుంది. మొన్న ఒక షాపుకెళ్తే "అదే ట్యాంకు సార్, నీళ్లు పారబోసి ఉప్పు కలపండి, బాటిల్ బ్యాక్టీరియా పోయండి, మూడో రోజు చేపలు తీసుకెళ్లండి" అన్నాడు. రాళ్లు, రెండు పగడాలు, ఒక అనిమొనీ (క్లౌన్ ఫిష్ దాక్కునే, పువ్వులా ఉండే సముద్ర జీవి), రెండు చేపలు కలిపి ప్యాకేజీ అట. ఇంకో షాపులో "నాలుగడుగుల కన్నా చిన్న ట్యాంకయితే మెరైన్ జోలికే పోకండి" అన్నాడు. ఇద్దరిలో ఒక్కడు కూడా నా ట్యాంకులో ఏముందో అడగలేదు, అదీ నా కోపం. ఎవరి మాట పట్టుకోవాలి? ఉన్నవాటిలో ఏవి పనికొస్తాయి?

సంప్_సుబ్బు
గ్లాసు పనికొస్తుంది. మిగతాదంతా కొత్తదే.

మంచినీళ్లే_మేలు
గ్లాసుని కూడా అలాగే ఉండనివ్వండి. బాగా నడుస్తున్న మొక్కల ట్యాంకుని పీకి ఉప్పు నింపుకోవడం దేనికి? ఈ ఊళ్లో మే నెలలో ఇంట్లో నీళ్లు 32 డిగ్రీలకు పోతాయి. గప్పీ తట్టుకుంటుంది, పగడం తట్టుకోదు.

కొత్త_చేప
ఫాలో అవుతున్నా. నాదీ సేమ్ సైజు ట్యాంకు.

ఆల్గే_అక్క
బావ గారూ, మీ రెండు షాపుల మాటా తప్పే. ఈ సైజులో రీఫ్ నడుస్తుంది, నాకు నడిచింది. కానీ "మార్చడం" అనుకుంటే మోసపోతారు. పాత గ్లాసులో కొత్త ట్యాంకు పెడుతున్నానని అనుకోండి.

సాయిల్ మొత్తం తీసేయాలి. అది మొక్కల కోసం నీటి పీహెచ్ తగ్గించే సరుకు, మనకి కావాల్సింది 8.1 నుంచి 8.3. దాని బదులు అరగొనైట్ ఇసుక. చెక్క, మొక్కలు, సీఓటూ సిలిండర్ అవసరం లేదు. లైటు మొక్కలకిచ్చే తెలుపు రకమైతే పగడాలకి అంతగా సరిపోదు, నీలం ఎక్కువున్న ఎల్ఈడీ కావాలి. హీటర్ పనికొస్తుంది, మన దగ్గర అవసరం తక్కువ. క్యానిస్టర్ పనికొస్తుంది కానీ దూది, స్పాంజి వారం వారం కడగాలి. లేకపోతే చెత్త అందులోనే కుళ్లి నైట్రేట్ పెరుగుతుంది. వీటికి తోడు అలలు పుట్టించే చిన్న వేవ్‌మేకర్ ఒకటి. ట్యాంకులో నీళ్లు గంటకి కనీసం ఇరవై సార్లు తిరగాలి, ఫిల్టర్ ఒక్కదానితో అది అవ్వదు.

బ్యాక్టీరియా గురించి. మీ ఫిల్టర్లో ఇన్నేళ్లుగా పెరిగిన బ్యాక్టీరియా మంచినీటిది. ఒక్కసారిగా 35 పిపిటి (వెయ్యి పాళ్లకి 35) ఉప్పులో వేస్తే చాలావరకు చస్తుంది, చచ్చి అమ్మోనియా అవుతుంది. అంటే సైకిల్ సున్నా నుంచి మొదలు. అమ్మోనియా నైట్రైట్ అవ్వాలి, నైట్రైట్ నైట్రేట్ అవ్వాలి, మొదటి రెండూ సున్నాకి రావాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. బాటిల్ బ్యాక్టీరియా దీన్ని కొంచెం తొందర పెడుతుంది. మూడో రోజు చేపలు వేయమన్నవాడు పదో రోజు మళ్లీ చేపలు అమ్ముకుంటాడు.

ముఖ్యమైన ప్రశ్న: ఈ ట్యాంకులో ఎప్పుడైనా చేపల రోగానికి మందు వాడారా? అందులో రాగి ఉందా?

గప్పీల_బావ
వైట్ స్పాట్ వచ్చినప్పుడు షాపువాడు నీలం మందు ఒకటి ఇచ్చాడు. పేరు గుర్తులేదు, సీసా పారేశాం. ఎందుకు అడిగారు?

ఆల్గే_అక్క
రాగి ఉంటే పగడాలు, రొయ్యలు, నత్తలు బతకవు. చేపకి మందయ్యే మోతాదే వాటికి విషం. నీలం రంగు మెథిలీన్ బ్లూది అయ్యుండొచ్చు, కాపర్ సల్ఫేట్‌ది అయ్యుండొచ్చు. రంగు చూసి చెప్పలేం.

సంప్_సుబ్బు
సిలికాన్ గమ్ రాగిని పీల్చుకుంటుంది, తర్వాత మెల్లగా వదులుతుంది. మందు వాడిన ట్యాంకులో నేనైతే రీఫ్ పెట్టను. రెండడుగుల గ్లాసు ఎంతని? కొత్తది కొనుక్కో తమ్ముడూ.

ఆల్గే_అక్క
సుబ్బు గారూ, ఆ సిలికాన్ భయం కాస్త ఎక్కువే. రాగి ఎక్కువగా పట్టుకునేది రాళ్లకి, గులకరాళ్లకి, అవి ఎలాగూ పారేస్తున్నారు. గ్లాసు వెనిగర్ నీళ్లతో కడిగి, మంచినీళ్లు నింపి, రాగి పట్టే ఫిల్టర్ మీడియా వేసి వారం తిప్పి, కాపర్ టెస్ట్ కిట్‌తో చూస్తే సరి.

సంప్_సుబ్బు
టెస్ట్ కిట్, మీడియా కలిపితే కొత్త గ్లాసు డబ్బులే అవుతాయి. పాత గమ్ ఊడే భయం కూడా ఉండదు.

ఆల్గే_అక్క
అది మాత్రం ఒప్పుకుంటా.

బీచ్‌రోడ్డు_బాబీ
వైజాగ్ వాళ్లం, మాకు ఉప్పు ప్యాకెట్ల గొడవే లేదు. క్యాన్లు పట్టుకెళ్తే సముద్రం ఫ్రీ. అందులో కావాల్సిన మినరల్స్ అన్నీ ఉంటాయి కదా. హైదరాబాద్ వాళ్లకి ట్రైన్లో పంపించమంటారా 😀

భీమవరం_రొయ్య
బాబీ, ఒడ్డున తోడిన నీళ్లు వాడకు. మాది రొయ్యల చెరువు. హేచరీల వాళ్లు సముద్రం నీళ్లే వాడతారు, కానీ ఒడ్డుకి దూరంగా పైపు వేసి లాగి, ఇసుక ఫిల్టర్లో పోనిచ్చి, క్లోరిన్ కొట్టి, అది పోయాక వాడతారు. బీచ్ పక్కన డ్రైనేజీ కలిసే చోట క్యాను ముంచితే ఏమొస్తుందో ఎవడికి తెలుసు? ఇంకోటి, మన బంగాళాఖాతం ఉప్పు ఏడాదంతా ఒకేలా ఉండదు. వానలు పడి మహానది, గోదావరి పొంగాక తీరం వెంట ఉప్పదనం బాగా పడిపోతుంది. అక్టోబర్లో తోడినవీ, ఏప్రిల్లో తోడినవీ ఒకటి కావు. మీటర్ పెట్టి చూడు.

బీచ్‌రోడ్డు_బాబీ
వానల తర్వాత తోడినవి 28 చూపించాయి, మీటర్ పోయిందనుకున్నా. ఇదన్నమాట సంగతి.

గప్పీల_బావ
రొయ్య గారూ, మీటర్ అంటే ఏది? షాపువాడు ప్లాస్టిక్ ముల్లు ఉండేది చూపించాడు.

భీమవరం_రొయ్య
ముల్లుది వద్దు. దానికి ఒక బుడగ అంటుకున్నా లెక్క మారిపోతుంది. రిఫ్రాక్టోమీటర్ కొను, కంటికి పెట్టుకుని వెలుతురులో చూసేది. మా వైపు ప్రతి చెరువు గట్టు మీదా ఉంటుంది. రెండు చుక్కలు వేసి చూడటమే. నీకు కావాల్సింది 35 పిపిటి. స్పెసిఫిక్ గ్రావిటీ గీత చూస్తే 1.026 దగ్గర.

ఆల్గే_అక్క
ఒక్క సవరణ. చెరువు రిఫ్రాక్టోమీటర్‌ని చాలామంది మంచినీళ్లతో సున్నాకి సెట్ చేస్తారు. రీఫ్‌కి 35 పిపిటి స్టాండర్డ్ ద్రావణంతో సెట్ చేయాలి. లేకపోతే సున్నా దగ్గర కరెక్టుగా ఉండి, మనకి కావాల్సిన చోట ఒకటి రెండు తేడా కొడుతుంది.

భీమవరం_రొయ్య
నిజమే అక్కా. మాకు ఒకటి రెండు తేడా వస్తే ఏమీ కాదు, వనామీ రొయ్య గట్టి పిండం. ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే గుణం) కూడా మేం పీపీఎంలో చెప్తాం, మీరు డీకేహెచ్ అంటారు. మీ 8 డీకేహెచ్ మా లెక్కలో 143. చెరువు మినరల్స్ చవకని తెచ్చి ట్యాంకులో కొట్టకండి, వాటి శుద్ధి చెరువుకి సరిపోతుంది, పగడానికి సరిపోదు.

మంచినీళ్లే_మేలు
ఆ 60 లీటర్లలో నాలుగు వనామీలు వేస్తే పండక్కి వేపుడన్నా వస్తుంది.

భీమవరం_రొయ్య
నాలుగింటికి మసాలా దండగ.

కొత్త_చేప
వంటింటి కల్లుప్పు వాడితే అవ్వదా? అది కూడా సముద్రం ఉప్పే కదా?

సంప్_సుబ్బు
అవ్వదు. ఉప్పు మడిలో సోడియం క్లోరైడ్ గడ్డ కట్టాక కాల్షియం, మెగ్నీషియం చాలావరకు మిగిలిన ద్రావణంలోనే పోతాయి. పగడం ఒళ్లు కట్టుకునేది వాటితోనే. కాల్షియం 420, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉండాలి. రీఫ్ సాల్ట్ అని అమ్మేదే కొను.

గప్పీల_బావ
ఉప్పు ఖర్చు నెలకెంత అవుతుంది?

ఆల్గే_అక్క
లెక్క చూడండి. మీ గ్లాసు కొలతకి 70 లీటర్లు వస్తుంది. రాళ్లు, ఇసుక, పైన ఖాళీ పోగా నీళ్లు 60 లోపే. లీటరుకి 35 నుంచి 38 గ్రాముల ఉప్పు, అంటే మొదటిసారి రెండు కిలోల పైచిలుకు. వారానికి పది శాతం నీళ్లు మార్చితే 6 లీటర్లు, పావుకిలో కూడా పట్టదు. ఇరవై కిలోల బకెట్ కొంటే ఏడాదిన్నర వస్తుంది, గాలి తగలకుండా మూత బిగిస్తే. చిన్న ట్యాంకుకున్న సుఖం ఇదొక్కటే.

ఉప్పు కన్నా నీళ్లదే తలనొప్పి. నిజాంపేట బోరు నీళ్లా మీవి?

గప్పీల_బావ
బోరు, ట్యాంకరు కలిపి. టీడీఎస్ 900 దాకా చూపిస్తుంది. ఇంట్లో తాగే ఆర్వో ఉంది, దాని నీళ్లు 80 ఉంటాయి.

ఆల్గే_అక్క
80 పనికిరాదు. తాగే ఆర్వోలో రుచి కోసం బోరు నీళ్లు కాసిని మళ్లీ కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, కొన్నింటిలో మినరల్ కార్ట్రిడ్జ్ కూడా. అవి దాటకుండా మెంబ్రేన్ నుంచి నేరుగా పైపు తీసి, చివర మిగిలిన లవణాలు పట్టేసే డీఐ రెసిన్ గొట్టం పెట్టించండి. సున్నా రావాలి. ఆ 80లో ఫాస్ఫేట్, సిలికేట్ ఎంతున్నాయో టీడీఎస్ మీటర్ చెప్పదు. తర్వాత గ్లాసంతా గోధుమ రంగు డయాటమ్స్ (ఒక రకం ఆల్గే) పట్టినప్పుడు తెలుస్తుంది. కొత్త ట్యాంకులో అవి కొన్నాళ్లు ఎలాగూ వస్తాయి, పోతాయి. నీళ్లు బాగోకపోతే వచ్చి ఉండిపోతాయి.

డాలస్_నుంచి
ఇక్కడ పెట్‌షాపుల్లో కలిపి రెడీగా ఉన్న ఉప్పునీళ్లు గ్యాలన్ల లెక్కన అమ్ముతారు, పట్టుకొచ్చి పోసుకోవడమే. నాది పది గ్యాలన్ల ట్యాంకు, మీ దాంట్లో సగం. జోయాలు, హ్యామర్, చిన్న యాక్రోపోరా ఒకటి, అన్నీ పగడాల రకాలే. పగడాలు ముక్కలు చేసుకుని ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకుంటాం. అక్కడ కూడా మొదట హ్యామర్‌తో మొదలుపెట్టండి, గట్టిది.

నల్లకోటు
డాలస్ గారూ, ఆ సలహా ఇక్కడ పనిచేయదు. 2001లోనే రీఫ్ కట్టే గట్టి పగడాలన్నింటినీ, అంటే స్క్లెరాక్టీనియా మొత్తాన్ని, వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూల్ అది. నల్ల పగడం, ఆర్గాన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా అప్పుడే చేరాయి. 2022 సవరణ, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, షెడ్యూళ్లని తిరగరాసింది కానీ పగడాలకి రక్షణ తీసేయలేదు. హ్యామర్, యాక్రోపోరా, బ్రెయిన్ కోరల్ అన్నీ గట్టి పగడాలే. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలకు కూడా చట్టం రక్షణ ఉంది. బావ గారి ప్యాకేజీలో "రెండు పగడాలు" ఏవో ముందు కనుక్కోండి.

కొత్త_చేప
కానీ సార్, షాపుల్లో బహిరంగంగానే అమ్ముతున్నారుగా?

నల్లకోటు
అమ్మేవాడు అమ్ముతున్నాడని కొన్నవాడికి మాఫీ ఉండదు. దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. బీచ్‌లో దొరికిందని ఎండిన పగడపు ముక్క తెచ్చి షోకేసులో పెట్టుకున్నా అంతే.

బీచ్‌రోడ్డు_బాబీ
షోకేసు ఖాళీ చేసి వస్తా ఆగండి.

డాలస్_నుంచి
ఇది నాకు తెలియదు. సాఫ్ట్ కోరల్స్ సంగతేంటి మరి? జోయాలు, మష్రూమ్‌లు, లెదర్?

నల్లకోటు
అవి స్క్లెరాక్టీనియా కిందికి రావు. అయినా ఎక్కడి సరుకు, పెంచిందా, సముద్రం నుంచి పీకిందా అని అడగండి, బిల్లు తీసుకోండి. విదేశీ జాతి అయితే ఏ కాగితాలతో వచ్చిందో చూపించమనండి. లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టిన రాయి) పేరుతో అమ్మేది చాలాసార్లు పాత పగడపు రాయే, అది కొనకండి.

సంప్_సుబ్బు
రాయికి సిరామిక్ వాడు. సిమెంటుతో చేసినవి కూడా దొరుకుతాయి, వాటిని కొన్ని వారాలు నీళ్లు మారుస్తూ నానబెట్టి పీహెచ్ దిగాకే వాడాలి. చూడ్డానికి మొదట పాయఖానా టైల్స్‌లా ఉంటుంది, ఆరు నెలలకి ఊదా రంగు కోరలైన్ ఆల్గే పట్టి అసలు రాయిలా అవుతుంది.

ఆల్గే_అక్క
జోయాలు అన్నారు కాబట్టి చెప్తున్నా, ఇది తేలిగ్గా తీసుకోకండి. జోయాంథిడ్లలో కొన్నింటికి, ముఖ్యంగా పాలిథోవాలకి, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఉన్న సముద్ర విషాల్లో చాలా బలమైనది. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లతో కడిగి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన కేసులు విదేశాల్లో ఉన్నాయి. రాయిని ఎప్పుడూ ఉడకబెట్టొద్దు. కోసేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు. పాప చెయ్యి ట్యాంకులో పెట్టనివ్వొద్దు. మొదటిసారికి మష్రూమ్‌లు, లెదర్ చాలు.

గప్పీల_బావ
ఇప్పుడు నిజంగా టెన్షన్ వచ్చింది. అనిమొనీ లేకుండా క్లౌన్ ఫిష్ బతుకుతుందా?

ఆల్గే_అక్క
హాయిగా బతుకుతుంది. అనిమొనీకే బలమైన లైటు, కనీసం ఏడాది నిలకడగా నడిచిన ట్యాంకు కావాలి. నచ్చకపోతే నడుచుకుంటూ పోయి వేవ్‌మేకర్లో పడి ముక్కలవుతుంది, దాంతో ట్యాంకంతా పాడు. క్లౌన్ మాత్రం లెదర్ కోరల్లోనో, రాయి మూలనో, చివరికి ఫిల్టర్ పైపు పక్కనో కాపురం పెట్టేస్తుంది. రెండు చిన్నవి తెండి, పెద్దగా పెరిగింది ఆడదవుతుంది, రెండోది మగది.

బీచ్‌రోడ్డు_బాబీ
హేచరీలో పుట్టిన క్లౌన్‌లే అడగండి. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు మన దేశంలోనే క్లౌన్ ఫిష్ పొదిగించే పద్ధతి ఎప్పుడో సాధించారు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వైపు సయనైడ్ కొట్టి పట్టే అలవాటు ఉండేది, అలా పట్టిన చేప బయటికి బాగానే కనిపిస్తుంది, తర్వాత తిండి మానేసి పోతుంది. షాపులో ఉండగానే మేత వేయించి, తింటుందా లేదా చూశాకే కొనండి.

భీమవరం_రొయ్య
మేతకి ఆర్టీమియా (చాలా చిన్న రొయ్యలాంటి జీవి) కావాలంటే హేచరీల దగ్గర డబ్బాలు దొరుకుతాయి. చిటికెడు గుడ్లు ఉప్పునీళ్లలో గాలి కొడుతూ ఉంచితే మర్నాటికి పిల్లలవుతాయి. చేపలు ఎగబడి తింటాయి.

మంచినీళ్లే_మేలు
నేను మొదట అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఎండాకాలం? చిల్లర్ రేటు ట్యాంకు మొత్తం ఖర్చు కన్నా ఎక్కువ.

కరెంటు_రాజు
60 లీటర్లకి చిల్లర్ అక్కర్లేదు. నీటి మీదికి వాలుగా చిన్న ఫ్యాను పెట్టి, దానికి టెంపరేచర్ కంట్రోలర్ తగిలించండి. నీరు ఆవిరైతే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. హైదరాబాద్ మేలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. బాబీ వాళ్ల వైజాగ్‌లో గాలే తడి, అక్కడ ఫ్యాను పెద్దగా దించదు, ఏసీ గదే దిక్కు.

ఆల్గే_అక్క
ఫ్యాను పెడితే మాత్రం ఆవిరైన నీళ్లు రోజూ నింపాలి. ఉప్పు ఆవిరవదు. 60 లీటర్లలో రోజుకి 2 లీటర్లు పోతే మర్నాటికి 35 కాస్తా 36 దాటుతుంది. వారం ఊరెళ్తే ఊహించుకోండి. నింపేవి ఆర్వో డీఐ మంచినీళ్లే, ఉప్పునీళ్లు పోయకూడదు. ఆటో టాప్ ఆఫ్ అని చిన్న పంపు సెన్సర్‌తో వస్తుంది, లైటు మీద తగ్గించుకునైనా అది కొనండి.

మంచినీళ్లే_మేలు
మరి 32 డిగ్రీల గదిలో ఫ్యానుతో 29కి దిగితే సరిపోతుందా?

సంప్_సుబ్బు
25, 26 బాగుంటుంది. 28 దాకా సాఫ్ట్ కోరల్స్ ఓర్చుకుంటాయి. 30 దాటి నిలబడితే పగడం తన ఒంట్లోని ఆల్గేని వదిలేసి తెల్లబడుతుంది. ఏసీ లేని పై అంతస్తు ఇల్లయితే నువ్వన్నదే రైటు, పెట్టకూడదు.

గప్పీల_బావ
మాది రెండో అంతస్తు, ట్యాంకు హాల్లో తూర్పు గోడకి. ఏసీ బెడ్‌రూంలోనే ఉంది.

సంప్_సుబ్బు
బెడ్‌రూంకి మార్చు. ఎండ పడే గోడ వద్దు.

కరెంటు_రాజు
ఇంకో మూడు మాటలు. ప్లగ్గులన్నీ నీటిమట్టం కన్నా పైన పెట్టించండి, వైరు కింద వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వదలండి, చుక్క జారినా సాకెట్లోకి పోదు. ఉప్పు తుంపర ఎండి పొడిలా అన్నిచోట్లా పేరుకుంటుంది, అది కరెంటుని పాకిస్తుంది. బోర్డుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది. పాత అల్యూమినియం హుడ్ తీసేయండి, తినేస్తుంది. కరెంటు పోయినప్పుడు లైటు పోయినా పర్లేదు, నీళ్లు ఆగకూడదు. ఉప్పునీటిలో ఆక్సిజన్ మంచినీటిలో కన్నా తక్కువే కరుగుతుంది, వేడెక్కితే ఇంకా తక్కువ. వేవ్‌మేకర్ ఒక్కటైనా ఇన్వర్టర్ మీద ఉండాలి.

భీమవరం_రొయ్య
ఇది రాసి గోడకి అంటించుకో. మా దగ్గర ఏరేటర్లు ఆగితే రాత్రికి రాత్రి చెరువు పోతుంది.

కొత్త_చేప
స్కిమ్మర్ (నురగతో చెత్త లాగేది) కొనాలా?

ఆల్గే_అక్క
ఈ సైజుకి అక్కర్లేదు. వారం వారం నీళ్లు మార్చితే చాలు.

సంప్_సుబ్బు
నేనైతే వెనకాల తగిలించేది ఒకటి పెడతా. చెత్త తీయడమే కాదు, గాలి కూడా కలుపుతుంది. చెత్త స్కిమ్మర్ కొనేకన్నా మానేయడమే మేలు, అది మాత్రం అక్కతో ఏకీభవిస్తా.

గప్పీల_బావ
సరే, తేల్చుకున్నా. కొత్త గ్లాసు కొంటా, అదే కొలతలు. గప్పీల ట్యాంకు హాల్లో అలాగే ఉంటుంది. రీఫ్ బెడ్‌రూంలో. మష్రూమ్‌లు, లెదర్, రెండు హేచరీ క్లౌన్‌లు, కొన్ని నత్తలు. దసరా లోపల సైకిల్ అయిపోవాలి. సక్కర్ చేప మాత్రం బాగా పెద్దదైపోయింది, మా వీధి చివర చెరువులో వదిలేద్దామా అని చూస్తున్నా.

భీమవరం_రొయ్య
ఆ పని మాత్రం చేయకు! దాన్ని మా వైపు దెయ్యం చేప అంటారు. ఎవరో వదిలినవే కాలవల్లో, చెరువుల్లో పెరిగి వలలు చింపుతున్నాయి, చేప గుడ్లు తింటున్నాయి. ముళ్లపెంకు కాబట్టి దాన్ని తినే జీవి తక్కువ. షాపుకి వెనక్కిచ్చెయ్, లేదా ఉంచుకో.

మంచినీళ్లే_మేలు
నాకు ఆరడుగుల ట్యాంకు ఉంది, నేను తీసుకుంటా. గప్పీల ట్యాంకు బతికి బయటపడింది, అది చాలు నాకు.

ఆల్గే_అక్క
బావ గారూ, మీరు కొత్త గ్లాసు అంటున్నారు కాబట్టి రాగి గొడవ లేదు. నా సంప్‌లో (ట్యాంకు కిందుండే ఫిల్టర్ తొట్టిలో) ఏళ్లుగా నానుతున్న సిరామిక్ ముక్కలు కొన్ని ఇస్తా. బ్యాక్టీరియా వాటి మీదే ఉంటుంది, మీ సైకిల్ బాగా తొందరగా అవుతుంది. మియాపూర్‌లో ఉంటాం. ముందు ఉప్పునీళ్లు కలిపి ఒక రోజు తిప్పి, 35 వచ్చాక చెప్పండి.

గప్పీల_బావ
అక్కా, చాలా థ్యాంక్స్. ఎలా తీసుకురావాలి, కవర్లోనా?

ఆల్గే_అక్క
కవర్లో వద్దు, ఎండిపోతే బ్యాక్టీరియా చస్తుంది. మూత ఉన్న బకెట్లో నా ట్యాంకు నీళ్లతోనే మునిగేలా పోసి ఇస్తా, దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా ఇంటికి. బకెట్ మాత్రం తిరిగి ఇచ్చేయాలి, పోయినసారి తీసుకెళ్లిన సుబ్బు గారు ఇంకా ఇవ్వలేదు.

సంప్_సుబ్బు
ఆదివారం పట్టుకొస్తా.